దసలి పట్టు చిమ్మటను అడవిలో వెతికి, చూసి, నమోదు చేయడం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిశీలకులకు మార్గదర్శి

దసలి పట్టు చిమ్మటను మన జిల్లాల అడవుల్లో ఎక్కడ చూడవచ్చు, ఏ నెలలో వెళ్లాలి, ఎలాంటి దీపం పెట్టాలి అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువ మంది దృష్టి దీపం మీదే ఉంటోంది. దీపానికి వచ్చిన చిమ్మట ఆ ప్రాంతంలో ఉందని మాత్రమే తెలుస్తుంది; అది ఏ చెట్టు మీద పెరిగింది, ఎన్నాళ్లు కాయలో (గొంగళి తన చుట్టూ అల్లుకొనే పట్టు గూటిలో) ఉంది, దేనికి బలవుతోంది అన్నది తెలియాలంటే గొంగళి ఆకు తినే మద్ది చెట్టు కింద పగటిపూట నిలబడవలసిందే. అందుకే ఈ మార్గదర్శిలో ముందు చెట్టును, తరువాత గొంగళిని, కాయను, చివరికి దీపాన్ని ఉంచాను. ఈ వరుసను మార్చవద్దని నా మనవి.

1. ఏ జీవిని వెతుకుతున్నామో స్పష్టం చేసుకోవడం

దసలి పట్టును టసర్ పట్టు అని కూడా అంటారు. దానిని ఇచ్చే చిమ్మట శాస్త్రీయ నామం ఆంథేరియా మైలిట్టా. పాత గ్రంథాల్లోను, కొందరు శాస్త్రజ్ఞుల రచనల్లోను ఇదే జీవి ఆంథేరియా పాఫియా అన్న పేరుతో కనిపిస్తుంది కనుక, వెతికేటప్పుడు రెండు పేర్లనూ చూడాలి. ఇది సాటర్నిడే కుటుంబానికి చెందినది.

రెక్కలు చాచినప్పుడు వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఆడది మగదానికంటే పెద్దది. నాలుగు రెక్కల మీదా ఒక్కొక్క గుండ్రటి కన్ను గుర్తు ఉంటుంది. ఆ గుర్తు నడుమ పొలుసులు లేని పారదర్శకమైన పొర ఉంటుంది కాబట్టి, వెనుక నుంచి టార్చి వేస్తే వెలుగు ఇవతలికి కనిపిస్తుంది. ముందు రెక్కల పై అంచు పొడవునా బూడిద రంగు పట్టీ సాగుతుంది.

ఆడ, మగ తేడాను ఇలా పోల్చుకోవాలి:

- మగదాని మీసాలు వెడల్పుగా, రెండు వైపులా దువ్వెన పళ్లలా విచ్చుకుని ఉంటాయి; ఆడదాని మీసాలు సన్నగా ఉంటాయి.
- మగదాని పొట్ట సన్నం. గుడ్లతో నిండిన ఆడదాని పొట్ట లావుగా, బరువుగా ఉంటుంది.
- మగవి ఎక్కువగా ఇటుక లేదా గోధుమ రంగులోను, ఆడవి పసుపు లేదా బూడిద ఛాయలోను ఉంటాయి. అయితే రంగు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు.
- మగదాని ముందు రెక్కల కొస ఎక్కువగా వంపు తిరిగి ఉంటుంది.

మన ప్రాంతంలో దీనితో కలగాపులగం అయ్యేవి మూడు. లేత ఆకుపచ్చ రంగులో, వెనుక రెక్కలకు పొడవైన తోకలతో ఉండేది చంద్ర చిమ్మట. దాని గొంగళి గుంపెన చెట్టు ఆకు తింటుంది. దసలి కంటే పెద్దదై, రెక్కల మీద గుండ్రటి కన్నుకు బదులు ముక్కోణపు పారదర్శక మచ్చలు ఉన్నది అట్లాస్ చిమ్మట. ఉద్దానంలోని జీడి తోటల్లో, మామిడి తోటల్లో గుంపులుగా ఆకు తినే నూగు గొంగళ్లు, వల అల్లినట్టుండే బంగారు రంగు గూళ్లు క్రికులా చిమ్మటవి. ఈ మూడో దానిని దసలి అనుకొని ఫొటోలు పంపుతున్నవారు చాలా మంది ఉన్నారు. దసలి కాయ గట్టిగా, నున్నగా, వల లాంటి రంధ్రాలు లేకుండా, ఒంటిగా వేలాడుతుంది.

2. ఎక్కడ వెతకాలి

ఈ చిమ్మట ఝార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర తూర్పు భాగం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఆకురాల్చు అడవుల్లో విస్తరించి ఉంది. ఒక్కో ప్రాంతంలో ఒక్కో స్థానిక రకం ఉంటుంది: ఝార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ వైపు డాబా, ఒడిశాలో సుకిందా, మోడల్, బస్తర్‌లో గుగ్గిలం చెట్ల మీద సహజంగా పెరిగే రైలీ, తెలుగు నేలలో ఆంధ్రా లోకల్. కాయ పరిమాణం, రంగు, ఏడాదికి వచ్చే తరాల సంఖ్య వీటిలో వేరువేరుగా ఉంటాయి. అందువల్ల ఝార్ఖండ్ ఫొటోతో పోల్చి మన కాయను కాదనడం సరికాదు.

చిమ్మట ఎక్కడ ఉంటుందన్నది గొంగళి తినే చెట్టు నిర్ణయిస్తుంది. ముఖ్యమైనవి మూడు: తెల్ల మద్ది, నల్ల మద్ది, గుగ్గిలం. ఇవి కాక రేగు, చెన్నంగి, కరక్కాయ, తాని, నేరేడు, చిరుమాను చెట్ల మీద కూడా బతకగలదు.

తెల్ల మద్ది నీటి చెంత పెరుగుతుంది. బెరడు నున్నగా, లేత బూడిద రంగులో ఉండి పెచ్చులుగా రాలుతుంది. నల్ల మద్ది పొడి కొండవాలుల్లో ఉంటుంది. బెరడు నల్లగా, నిలువుగా అడ్డంగా లోతైన పగుళ్లతో ఉంటుంది. ఈ రెండు చెట్లకూ కాసే కాయలకు (ఇవి పట్టుకాయలు కావు) అయిదేసి రెక్కలుంటాయి. నల్ల మద్ది కాయ రెక్కలు వెడల్పుగా ఉండి, వాటి మీది గీతలు అడ్డంగా సాగుతాయి. తెల్ల మద్దివి ఇరుకుగా ఉండి, గీతలు పైకి వంగుతాయి. చెట్టు కింద రాలిన ఒక్క కాయను చేతిలోకి తీసుకుంటే సందేహం తీరిపోతుంది.

మన రెండు జిల్లాల్లో మొదటి ప్రయత్నానికి నేను సూచించే చోట్లు ఇవి:

- విజయనగరం జిల్లా శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డు మొదలయ్యే వైపు, బొడ్డవర చుట్టుపక్కల కొండ అంచులు.
- గోస్తనీ నది మీది తాటిపూడి జలాశయం చుట్టూ ఉన్న కొండవాలులు.
- శ్రీకాకుళం జిల్లాలో మహేంద్రగిరి పాదాల వద్ద మందస మండలం కొండ అంచు గ్రామాలు.
- మెళియాపుట్టి, పాతపట్నం మండలాల్లో మహేంద్రతనయ, వంశధార వైపు దిగే వాగుల ఒడ్లు.

సీతంపేట, కురుపాం, సాలూరు అడవులు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పాత నమోదుల్లో అవి శ్రీకాకుళం, విజయనగరం పేర్ల కింద కనిపిస్తాయి కనుక, పాత సమాచారాన్ని కొత్త పటంతో పోల్చేటప్పుడు ఈ మార్పును గుర్తు పెట్టుకోవాలి.

చోటు ఎంచుకున్నాక, చెట్టు దగ్గరకు వెళ్లే ముందు ఊరిలోకి వెళ్లాలి. సవర, జాతాపు గ్రామాల్లో అడవికి రోజూ వెళ్లివచ్చే పెద్దవారిని కలిసి, “తాతా, ఈ మద్దుల మీద పట్టుకాయలు కనబడతాయా? ఏ నెలలో ఎక్కువ?” అని అడగడం పటం పరిచి గంటలు గడపడం కంటే మేలైన పద్ధతి. అడిగినవారి సమయానికి విలువ ఇవ్వాలి. వారు దారి చూపితే కూలి ఇచ్చి తీసుకువెళ్లాలి.

3. ఏ నెలలో ఏమి చూడవచ్చు

సంవత్సరాన్ని బట్టి, వానలను బట్టి ఈ క్రమం కొంత ముందుకో వెనక్కో జరుగుతుంది. స్థూలంగా ఇలా ఉంటుంది:

- జూన్, జూలై: నైరుతి వానలు పడగానే చలికాలం నుంచి కాయల్లో నిద్రాణంగా ఉన్న చిమ్మటలు బయటికి వస్తాయి.
- జూలై, ఆగస్టు: మొదటి తరం గొంగళ్లు, ఆ తరువాత కాయలు.
- ఆగస్టు చివర, సెప్టెంబరు: రెండో విడత చిమ్మటలు.
- సెప్టెంబరు నుంచి నవంబరు: తరువాతి తరం గొంగళ్లు, కాయలు. ఆంధ్రా లోకల్ రకంలో ఏడాదికి మూడు తరాలు వస్తాయి కనుక ఈ నెలల్లో గుడ్డు, గొంగళి, కాయ అన్నీ ఒకేసారి కనిపించవచ్చు.
- డిసెంబరు నుంచి మే: రెక్కల పురుగు కనిపించదు. కాయ లోపల ప్యూపా (గొంగళికీ చిమ్మటకూ నడిమి దశ) నిద్రాణ స్థితిలో ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా మార్చి, ఏప్రిల్ నెలలు. ఆ రోజుల్లో నల్ల మద్ది ఆకు రాల్చి ఉంటుంది. ఆకు లేని కొమ్మకు వేలాడే కాయ దూరం నుంచే కనబడుతుంది. ఎండ ఉన్నా, పాము భయం వానకాలంలో కంటే తక్కువగా ఉంటుంది. దారి కూడా తెలిసిపోతుంది. ఆ తరువాత వానలకు అదే చెట్టు దగ్గరకు వెళితే పని సగం అయినట్టే.

4. బయలుదేరే ముందు

రిజర్వు అడవిలోకి, ముఖ్యంగా రాత్రిపూట, అటవీ శాఖ అనుమతి లేకుండా ప్రవేశించకూడదు. రేంజ్ అధికారికి ముందుగా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, తేదీలు, చోటు, వచ్చేవారి సంఖ్య తెలియజేయాలి. ఊరి పొలిమేరలో, రోడ్డు పక్కన, సొంత తోటలో చేసే పరిశీలనతో మొదలుపెడితే ఈ అవసరం చాలావరకు తప్పుతుంది.

కాయలను తెంపుకురావద్దు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో టసర్‌ను, పట్టుకాయలను పేరు పెట్టి చేర్చింది. వాటిని సేకరించుకొనే హక్కు అడవి మీద ఆధారపడిన కుటుంబాలది. పరిశీలనకు వెళ్లినవారు గుర్తుగా ఒక్కటి తెచ్చుకున్నా ఆ హక్కును ఎత్తుకొచ్చినట్టే అవుతుంది.

జంతువుల విషయంలో ఊరివారి మాటే ప్రమాణం. ఉద్దానం జీడి తోటల్లోను, మందస వైపు కొండ అంచుల్లోను ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఒడిశా సరిహద్దు దాటి వచ్చే ఏనుగుల గుంపు మన్యం జిల్లాలోనూ, దాని పొరుగు మండలాల్లోనూ ఏళ్లుగా సంచరిస్తోంది. ఆ వారంలో అవి ఎక్కడ ఉన్నాయో అడిగి తెలుసుకోకుండా రాత్రి పని పెట్టుకోవద్దు. ఒంటరిగా ఎన్నడూ వెళ్లవద్దు.

పగటి పనికి సామగ్రి:

- బైనాక్యులర్, లేదా దూరపు దృశ్యాన్ని దగ్గరగా తీయగల కెమెరా
- చిన్న భూతద్దం, 15 సెంటీమీటర్ల స్కేలు, కొలత టేపు
- నోటుపుస్తకం, పెన్సిలు (వానలో పెన్ను పనికిరాదు)
- చెట్లకు కట్టడానికి రంగు దారం. మేకులు, పెయింటు వాడకూడదు
- పొడుగు చేతుల చొక్కా, చీలమండలు దాటే బూట్లు, నీళ్లు

రాత్రి పనికి అదనంగా:

- తెల్లటి నూలు దుప్పటి, సుమారు 2 మీటర్ల పొడవు, వెడల్పు
- దీపం, బ్యాటరీ లేదా విద్యుత్ కనెక్షన్, ఇద్దరికి రెండు టార్చీలు
- తాడు, రెండు కర్రలు, ప్లాస్టిక్ పట్టా
- అతినీలలోహిత దీపం వాడితే కళ్లకు రక్షణ అద్దాలు
- దోమల మందు, ప్రథమ చికిత్స పెట్టె, ఛార్జింగ్ నిండిన ఫోను

5. పగటి పని: చెట్టును చదవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసిన భాగం ఇదే.

మొదట ఒక వాగు ఒడ్డునో, కొండబాట పక్కనో 10 నుంచి 20 మద్ది చెట్లను ఎంచుకోవాలి. వాటికి వరుస సంఖ్యలు ఇచ్చి, రంగు దారం కట్టి, ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, చుట్టుకొలత రాసుకోవాలి. ప్రతిసారీ కొత్త చెట్లను చూసుకుంటూ పోవడం కంటే అవే చెట్ల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లడం వల్ల ఎక్కువ తెలుస్తుంది.

చెట్టు దగ్గరకు రాగానే పైకి చూడవద్దు. ముందు నేల చూడాలి. ఎదిగిన దసలి గొంగళి రెట్ట మిరియపు గింజ కంటే పెద్దదిగా, పీపా ఆకారంలో, పొడవునా గాళ్లు పడి ఉంటుంది. తాజాది తడిగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. ఎండిన కొద్దీ గోధుమ రంగుకు మారి, వేలితో నొక్కితే పొడి అవుతుంది. వాన పడిన మర్నాడు ఉదయం నేల కడిగినట్టు ఉంటుంది కనుక, అప్పుడు కనిపించిన రెట్ట ఆ రాత్రిదే అని నమ్మవచ్చు. బండ మీద, బాట మీద, వెడల్పాటి ఎండుటాకు మీద చూడడం సులువు. రెట్ట దట్టంగా పడిన చోట నిలబడి నేరుగా తల ఎత్తితే గొంగళి ఉన్న కొమ్మ దొరుకుతుంది.

తరువాత ఆకు చూడాలి. ఎదిగిన గొంగళి ఆకును అంచు నుంచి మొదలుపెట్టి పూర్తిగా తిని, తొడిమనో, నడిమి ఈనె మొదలునో మిగులుస్తుంది. ఆకు నడుమ చిల్లులు చిల్లులుగా ఉన్నా, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా ఉన్నా అది పెంకు పురుగులదో మరో గొంగళిదో పని. ఒక కొమ్మ కొస పూర్తిగా బోసిపోయి, పక్క కొమ్మ నిండుగా ఉంటే, ఆ రెండింటి మధ్య ఎక్కడో గొంగళి ఉంటుంది.

మద్ది ఆకుల మీద గుంపులుగా కనిపించే ఆకుపచ్చ, పసుపు బుడిపెలను చూసి గుడ్లు అనుకోవద్దు. అవి ట్రయోజా అనే చిన్న రసం పీల్చే పురుగు వల్ల ఆకు కణజాలమే ఉబ్బి ఏర్పడినవి. గోటితో కదిపితే ఊడవు. దసలి గుడ్డు సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పున, కాస్త చదునుగా, గోధుమ ఛాయలో, ఆకుకు లేదా పుల్లకు అంటించినట్టు ఉంటుంది. ఒక ఆడ చిమ్మట సుమారు 150 నుంచి 250 గుడ్లు పెడుతుంది. బరువైన పొట్టతో దూరం ఎగరలేక తాను బయటికి వచ్చిన కాయకు దగ్గరలోనే చాలా గుడ్లు పెట్టేస్తుంది కాబట్టి, తాజాగా ఖాళీ అయిన కాయ దొరికితే దాని చుట్టూ చేయి చాచినంత మేర ఆకులు రెండు వైపులా పరిశీలించాలి. వానకాలంలో 8 నుంచి 10 రోజులకు గుడ్లు పొదుగుతాయి.

గొంగళిని ఎలా చూడాలి

గుడ్డు నుంచి వచ్చిన పిల్ల గొంగళి ముందు గుడ్డు పెంకును కొరికి తింటుంది. అప్పుడు దాని ఒళ్లు మట్టి పసుపు రంగులో, తల నల్లగా ఉంటుంది. మొదటి జ్వరం (పాత చర్మం విడిచే ముందు తినకుండా, కదలకుండా ఉండే సమయం) నుంచి లేచాక ఆకుపచ్చకు మారుతుంది. మొత్తం నాలుగు జ్వరాలు, అయిదు దశలు. వానకాలపు తరంలో ఇదంతా సుమారు నెల రోజుల్లో ముగుస్తుంది. చలి మొదలయ్యాక పెరిగే తరానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

అయిదో దశలో గొంగళి 10 సెంటీమీటర్లు దాటుతుంది. జీవితం మొత్తంలో తినే ఆకులో అత్యధిక భాగం ఈ దశలోనే తింటుంది. అంత పెద్ద జీవి ఎదురుగా ఉన్నా కనబడదు. కొమ్మ అడుగున తలకిందులుగా పట్టుకొని, ముందు భాగం పైకెత్తి కదలకుండా ఉంటుంది. పక్కల మీద ఉన్న గీత మడిచిన ఆకు ఈనెలా కనిపించి కంటిని మోసం చేస్తుంది. అందుకని:

- ఉదయం 7 నుంచి 9 మధ్య, లేదా సాయంత్రం 4 తరువాత, సూర్యుడికి ఎదురుగా నిలబడి కొమ్మల అడుగు భాగం చూడాలి. వెలుగు ఆకుల గుండా వస్తుంది, గొంగళి గుండా రాదు. అది ముదురు నీడగా తేలుతుంది.
- పక్కల మీద వెండిలా మెరిసే చుక్కల కోసం చూడాలి. వాలు వెలుగులో అవే ముందు కంటపడతాయి.
- ఒక్కో కొమ్మను మొదలు నుంచి కొస వరకు వరుసగా చూడాలి. చెట్టంతా ఒక్కసారిగా కలియజూస్తే ఏమీ దొరకదు.
- కదలకుండా తల దించి ఉన్నది జ్వరంలో ఉన్నదై ఉండవచ్చు. కొమ్మ కదిలించకూడదు, ఆ సమయంలో పట్టు తప్పితే అది బతకడం కష్టం.

ఆకుపచ్చవి ఎక్కువగా ఉన్నా, పసుపు, నీలి, తెలుపు ఛాయల గొంగళ్లు కూడా అరుదుగా కనిపిస్తాయి. వేరే జాతి అని తోసిపుచ్చకుండా ఫొటో తీసుకోవాలి.

ముట్టుకోవద్దు. దసలి గొంగళి కుట్టదు కానీ, అదే చెట్టు మీద ఒళ్లు మండించే ముళ్ల గొంగళ్లు ఉంటాయి. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు, కందిరీగలు కూడా మద్ది కొమ్మల మీద సాధారణం. అవి దసలి గొంగళికీ శత్రువులే కాబట్టి, చీమల గూళ్లున్న చెట్టు సంఖ్య పక్కన ఆ సంగతి కూడా రాయాలి.

6. కాయను చదవడం

గొంగళి ముందు కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం అల్లి, దాని నుంచి కాడ దింపి, ఆ కాడకు కాయ కడుతుంది. ఈ ఉంగరం వల్లనే గాలివానకు, ఆకు రాలుకు కూడా కాయ కింద పడదు. ఎండిన ఆకు పుల్లకు చిక్కుకొని ఉన్నదా, కాయ వేలాడుతున్నదా అన్న సందేహం వస్తే బైనాక్యులర్‌తో ఉంగరం కోసం చూడాలి.

కాయ అండాకారంలో, సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్ల పొడవుతో, పసుపు లేదా బూడిద రంగులో ఉంటుంది. చెట్టుకు ఉన్న కాయను తెంపకుండానే దాని కథ చెప్పవచ్చు:

- ఎక్కడా రంధ్రం లేకపోతే లోపల ప్యూపా బతికి ఉండవచ్చు. చేతితో ఊపి పరీక్షించవద్దు.
- కాడ ఉన్న కొసన రంధ్రం ఉండి, దాని అంచుల్లో పోగులు తెగకుండా పక్కకు నెట్టినట్టు ఉంటే చిమ్మట క్షేమంగా బయటికి వచ్చింది. అది ఒక రసంతో కాయ కొసను మెత్తబరచి, పోగులను తోసుకొని వస్తుంది.
- మరెక్కడైనా చిన్న గుండ్రటి రంధ్రం కోసినట్టు ఉంటే పరాన్నజీవి పని. ఊజి ఈగ గొంగళి ఒంటి మీద గుడ్లు పెడుతుంది. క్సాంథోపింప్లా అనే పసుపు రంగు కందిరీగ జాతి పురుగు కాయలోని ప్యూపాను ఆశిస్తుంది.
- పెద్దగా, అంచులు చీలినట్టు ఉన్న రంధ్రం పక్షిదో ఎలుకదో ఉడుతదో.

20 చెట్ల మీది పాత కాయలను ఈ నాలుగు రకాలుగా లెక్కపెడితే, ఆ అడవిలో దసలి ఎంతవరకు నిలదొక్కుకుంటున్నదో ఒక అంచనా దొరుకుతుంది. ఏ దీపమూ ఈ సమాచారం ఇవ్వదు.

7. రాత్రి పని: తెర, దీపం

రెక్కలు వచ్చిన దసలి చిమ్మటకు నోరు పనిచేయదు. అది ఏమీ తినదు. గొంగళిగా దాచుకున్న కొవ్వుతోనే వారం రోజుల పాటు, ఒక్కోసారి ఇంకొన్ని రోజులు బతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లోనే జత కట్టి, గుడ్లు పెట్టాలి. దీపం దాని సమయాన్ని తినేస్తుంది కాబట్టి, రాత్రంతా దీపం వెలిగించి ఉంచడం నాకు సమ్మతం కాదు.

ఇక పద్ధతి:

మొదటిది, రాత్రిని ఎంచుకోవడం. అమావాస్యకు ముందు, తరువాత కొద్ది రోజులు మంచివి. పగలు వాన పడి సాయంత్రానికి తెరపి ఇచ్చి, గాలి లేకుండా, ఉక్కగా ఉన్న రాత్రి అన్నిటికంటే అనువైనది. జోరు వానలో, గాలిలో, నిండు వెన్నెలలో శ్రమ వృథా.

రెండోది, చోటు. పగటిపూట కాయలు చూసిన మద్ది చెట్లకు 30 నుంచి 50 మీటర్ల దూరంలో, అడవి వైపుకు తెరపి ఉన్న చోట తెర కట్టాలి. చెట్టు కిందే కట్టకూడదు. ఇంటి దీపాలు, వీధి దీపాలు కనిపించని చోటు కావాలి.

మూడోది, తెర. రెండు కర్రల మధ్య తాడు కట్టి దుప్పటి బిగుతుగా వేలాడదీసి, కింది అంచు నేల మీద ముందుకు పరిచి, దాని కింద పట్టా వేయాలి. తెర దాకా వచ్చి నేల మీద వాలే చిమ్మటలు ఎక్కువ. అవి కాళ్ల కింద పడకుండా చూసుకోవాలి.

నాలుగోది, దీపం. విద్యుత్ దొరికే చోట 160 వాట్ల పాదరసపు ఆవిరి బల్బు బాగా పనిచేస్తుంది. అది బాగా వేడెక్కుతుంది, వాన చుక్క పడితే పగులుతుంది, కనుక పైన చిన్న కప్పు ఉండాలి. విద్యుత్ లేని చోట బ్యాటరీతో వెలిగే అతినీలలోహిత ఎల్‌ఈడీ లేదా ట్యూబు చాలు. ఇంట్లో వాడే మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బుకు చిమ్మటలు తక్కువగా వస్తాయి. అతినీలలోహిత దీపాన్ని నేరుగా చూడకూడదు.

అయిదోది, వేళ. పొద్దుగూకగానే వచ్చేవి ఎక్కువగా చిన్న చిమ్మటలు. దసలి చిమ్మట సాయంత్రం నుంచి రాత్రి తొలిజాము వరకు కాయలోంచి వెలువడి, రెక్కలు ఆరబెట్టుకొంటుంది; మగవి రాత్రి పొద్దుపోయాక ఆడవాటి వాసన పట్టుకొని తిరుగుతాయి. అందుకని రాత్రి 10 నుంచి 1 వరకు ఓపిక పట్టాలి. దీపానికి వచ్చేవాటిలో మగవే ఎక్కువ. దాన్ని బట్టి ఆ అడవిలో ఆడవి తక్కువని రాసుకోకూడదు.

ఆరోది, ఆపడం. పని అయ్యాక దీపం ఆర్పి, తెరను మెల్లగా దులిపి, వాలిన వాటిని పొదల్లోకి విడిచిపెట్టాలి. తెల్లవారే దాకా తెర ఉంచితే ఏట్రింత పక్షులు వచ్చి ఒక్కొక్కదాన్నీ ఏరుకు తింటాయి.

దీపం లేకుండా చూసే దారి కూడా ఉంది, నాకు ఇష్టమైనది అదే. జత కట్టిన చిమ్మటలు రాత్రి నుంచి మర్నాడు పగలు చాలాసేపటి వరకు విడిపోకుండా కొమ్మను పట్టుకొని ఉంటాయి. జూన్ చివర, వాన వెలిసిన ఉదయం, కాయలున్న చెట్ల కింది కొమ్మలను ఆరింటి నుంచి ఎనిమిదింటి లోపు చూస్తే, పగటి వెలుగులో, ఏ ఆటంకమూ కలిగించకుండా, ఆడ మగ రెండింటినీ ఒకేచోట చూడవచ్చు.

8. నమోదు చేయడం

ఒక నమోదులో ఇవి తప్పక ఉండాలి:

- తేదీ, వేళ, జిల్లా, మండలం, దగ్గరి ఊరు
- చెట్టు జాతి, సంఖ్య, చుట్టుకొలత
- దశ: గుడ్డు, గొంగళి, కాయ, రెక్కల పురుగు
- నేల నుంచి ఎత్తు, కాయ అయితే రంధ్రం రకం
- ముందు రోజు వాన పడిందా, చంద్రుడి స్థితి
- చిమ్మట ఫొటోలు: రెక్కల పై భాగం, అడుగు భాగం, మీసాలు, పక్కన స్కేలు
- ఏమీ కనిపించని రోజున “వెతికాను, లేదు” అన్న మాట

చివరి అంశాన్ని చాలా మంది వదిలేస్తున్నారు. జూలైలో 20 చెట్లు చూసి ఏమీ లేదని రాసిన పేజీ, ఒక్క అందమైన ఫొటో కంటే పరిశోధకులకు తక్కువ ఉపయోగపడదు.

ఫొటోలను ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వెబ్‌సైట్లలో పెట్టవచ్చు. కాయలున్న చెట్టు కచ్చితమైన స్థానాన్ని మాత్రం బహిరంగంగా చూపకుండా మండలం వరకే తెలపాలి. ప్రతి ఏటా జూలై చివరి పూర్తి వారంలో జరిగే జాతీయ చిమ్మటల వారం మన వానకాలపు తరానికి సరిపోతుంది కనుక, పాఠశాలలు ఆ వారాన్ని ఎంచుకోవచ్చు.

9. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

చిమ్మట ఒక్కటీ రాలేదని రెండు రాత్రులకే చోటు మార్చడం. సవరణ: పగటిపూట కాయలున్నాయో లేదో ముందు తేల్చుకోవాలి. పాత కాయలైనా ఉంటే చోటు సరైనదే. రాత్రి మార్చాలి, చోటు కాదు.

గొంగళిని ఇంటికి తెచ్చి డబ్బాలో పెంచడం. దసలి గొంగళి మల్బరీ పురుగులా మూసిన గదిలో సులువుగా పెరగదు. బయట చెట్టు మీద, గాలిలో పెరిగే జీవి. సవరణ: ఉన్న కొమ్మ మీదే రోజు విడిచి రోజు చూసి రాసుకోవాలి.

ఎండిపోయి, నల్లబడి వేలాడే గొంగళిని చేతితో తీసి పక్క చెట్టు మీద పెట్టడం. అది వ్యాధి సోకినదై ఉండవచ్చు. సవరణ: ముట్టుకోకుండా ఫొటో తీసి, పొరపాటున ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడిగాకే మరో చెట్టు దగ్గరకు వెళ్లాలి.

ఫ్లాష్ వేసి వరుసగా ఫొటోలు తీయడం. సవరణ: మసక టార్చి వెలుగును పక్క నుంచి వేసి, నాలుగైదు ఫొటోలతో ఆపాలి.

నేల మీద రెక్కలు ముడుచుకున్న చిమ్మటను గాయపడిందని చేతిలోకి తీసుకోవడం. అది అప్పుడే కాయ నుంచి వచ్చి రెక్కలు విప్పుకొంటూ ఉండవచ్చు. సవరణ: దాని ముందు నిలువుగా ఒక గరుకు పుల్ల ఉంచితే తానే ఎక్కి, వేలాడి, రెక్కలు ఆరబెట్టుకొంటుంది.

10. ఒక ఏడాది పని పట్టిక

- మార్చి, ఏప్రిల్: చెట్లు ఎంచుకొని, దారం కట్టి, పాత కాయల లెక్క తీయడం.
- మే: అనుమతి దరఖాస్తు, ఊరివారితో మాట, సామగ్రి.
- జూన్: గట్టి వాన పడిన వారంలో ఉదయపు చూపు; అమావాస్య దగ్గర ఒక రాత్రి తెర.
- జూలై, ఆగస్టు: వారానికి ఒకసారి రెట్ట, ఆకు, గొంగళి.
- సెప్టెంబరు: రెండో విడత చిమ్మటలకు మరో రాత్రి.
- అక్టోబరు, నవంబరు: గొంగళ్లు, కాయలు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో కొండ వాగుల దగ్గరకు వెళ్లకూడదు. తుఫాను వెలిసిన తరువాత అవే చెట్ల దగ్గర ఎన్ని కాయలు కొమ్మకు నిలిచాయో, ఎన్ని కొమ్మతో సహా విరిగిపడ్డాయో లెక్క రాసుకోవాలి. విరిగిన కొమ్మకు కాయ ఉంటే కొమ్మను దగ్గరలోని మద్ది చెట్టు పంగలో, నేలకు తగలకుండా ఆనించి, ఆ చెట్టు సంఖ్య పక్కన తేదీ వేసి, తరువాతి జూన్‌లో మొదటి వానకు ఆ కాయ కొసన రంధ్రం పడిందో లేదో చూసి పూర్తి చేయాలి.